పల్లవిలో దొర, చరణాల్లో ఆకలి

రాజకీయ గీతానికి ఆయుష్షు తక్కువని మన పండితులు చాలాకాలంగా చెబుతూనే వున్నారు. ఎవరిమీద రాసిన పాట వాళ్లతోనే పోతుందట. ఆ లెక్కన గరిమెళ్ల సత్యనారాయణ రాసిన “మా కొద్దీ తెల్లదొరతనము” 1947 ఆగస్టు 15తో ముగిసిపోవాలి. బండి యాదగిరి కట్టిన “బండెనక బండి కట్టి” 1948 సెప్టెంబరు 17తో ముగిసిపోవాలి. ఇవాళ తెల్లదొరా లేడు, నైజాము సర్కారూ లేదు. పాటలు మాత్రం రెండూ వున్నాయి. పుస్తకాల్లో వుండటం పెద్ద విషయం కాదు, పుస్తకాల్లో ఎన్నో వుంటాయి. సభలో గాని ఊరేగింపులో గాని ఒకరు ఎత్తుకుంటే పక్కవాళ్లు అందుకునే స్థితిలో వున్నాయి. దీనికి కారణమేమిటో తేల్చుకోవటం సాహిత్య విద్యార్థికి అవసరమనుకుంటాను.

మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. మొదటిది అధికారోత్సవాల్లో వినిపించే జవాబు. అవి మన పెద్దల త్యాగాలకు గుర్తులు, వాటిని భక్తితో స్మరించుకోవాలి అన్నది దాని సారం. రెండవది మన మిత్రుల జవాబు. దొర అంటే ఏ దొరైనా ఒకటే, తెల్లదొర పోతే నల్లదొర వచ్చాడు, పేరు మార్చి పాడుకుంటే సరిపోతుంది అని. మొదటి జవాబు పాటను సమాధి చేసి మీద పూలు పెడుతుంది. రెండవది పాటను పాత కవరు లాగా వాడుతుంది. పైన చిరునామా కొట్టేసి కొత్త చిరునామా రాసి మళ్లీ తపాలాలో వేస్తుంది. లోపల వుత్తరం ఏమిటో ఇద్దరిలో ఎవరూ విప్పి చూడరు.

విప్పి చూస్తే గరిమెళ్ల పాటలో ఒక విశేషం కనిపిస్తుంది. తెల్లదొర పల్లవిలో వున్నాడు. చరణాల్లో వున్నది అన్నం, ఉప్పు, కల్లు, కోర్టు, బడి. పంటలు పండే దేశంలో పట్టెడన్నానికి కరువు రావటం, కడలి పక్కనే కాపురమున్న మనిషి ఉప్పు తాకితే నేరం కావటం వంటి సంగతులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. పల్లవి శత్రువు పేరు చెబుతుంది. చరణాలు వాడు ఎందుచేత శత్రువయ్యాడో చెబుతాయి. పల్లవిలోని పేరు చరిత్రలో ఒక తేదీన చెల్లిపోవచ్చు. చరణాల్లోని కారణం చెల్లిపోయిందో లేదో విడిగా చూసుకోవాలి. పాత పాటకు కొత్త వ్యాఖ్యానం చెప్పటమంటే నా దృష్టిలో ఈ రెండో లెక్క చూసుకోవటమే.

ఆ పాట పుట్టిన సంవత్సరాన్ని కాస్త గుర్తు చేసుకుందాం. 1921లో ఆంధ్రదేశం నిప్పుమీద వుంది. మునిసిపాలిటీ వద్దన్నందుకు చీరాల-పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి, రామనగరమనే కొత్త వూరు కట్టుకుని పదకొండు నెలలు పాకల్లో బతికారు. పల్నాడులో అడవి పుల్లరి ఎగగొట్టారు. పెదనందిపాడు ఫిర్కాలో పన్నులు కట్టం పొమ్మన్నారు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటన జరగటం, ఉద్యమాన్ని పైనించి నిలిపివెయ్యటం, అదే నెలలో పల్నాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో చనిపోవటం వెంటవెంటనే జరిగాయి. ఈ పాట రాసినందుకు గరిమెళ్లకు శిక్ష పడింది కూడా 1922లోనే. ఒక ఏడాది శిక్ష అనుభవించి బయటికొచ్చాక మళ్లీ పట్టుకుని రెండున్నరేళ్లు వేశారు. అంటే నాయకులు ఉద్యమాన్ని ఆపేశారు గాని ప్రభుత్వం మాత్రం పాటను వెంటాడటం ఆపలేదు. ఉద్యమం కంటె పాటకే ఎక్కువ భయపడవలసి వుంటుందని సర్కారు గ్రహించినట్టుంది. ఆ తెలివి మన విమర్శకుల్లో చాలామందికి లేదు.

ఇక్కడ రచన గురించి ఒక మాట. ఈ పాటలో చరణాల పాదాలు తరచు “అండీ” అని ముగుస్తాయి. గోదావరి, విశాఖ సీమల్లో ఇరుగుపొరుగు మర్యాదగా మాట్లాడుకునే మాట అది. కడుపులో మంట పెట్టుకుని కూడా ఎదుటివాణ్ని అండీ అనే మధ్యతరగతి గృహస్థు గొంతు అది. ఆ మర్యాద వల్లనే తిట్టు మరింత గట్టిగా తగులుతుంది. అంతేకాదు, ఆ “అండీ” దొరను వుద్దేశించినది కాదు. పక్కింటివాడితో చెప్పుకుంటున్నది. దొరతో మాట్లాడటం మానేసి పొరుగువాడితో మాట్లాడటం మొదలుపెట్టిన పాట అది. సహాయ నిరాకరణ అన్న మాటకు కావ్యభాషలో అర్థం చెప్పమంటే నేను ఈ ఒక్క ప్రత్యయాన్నే చూపిస్తాను.

తొమ్మిదేళ్లు గడిచాయి. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. 1921 పాటలో అనేక బాధల్లో ఒకటిగా వున్న ఉప్పు ఒక్కసారిగా దేశం మొత్తానికి కార్యక్రమమైంది. పాటలో ఒక్క అక్షరం మారలేదు. ఏ చరణం మీద వూపిరి బిగపట్టి పాడాలో ఆ చోటు మారింది. కొత్త వ్యాఖ్యానానికి ఇంతకంటె శుద్ధమైన ఉదాహరణ నాకు దొరకలేదు. వ్యాఖ్యానం చేసింది పండితుడు కాదు, సముద్రపుటొడ్డుకు నడిచిన జనం.

1947లో తెల్లదొర వెళ్లిపోయాడు. గరిమెళ్ల అప్పుడు మద్రాసులో వున్నాడు. పత్రికలకు రాస్తూ, అనువాదాలు చేస్తూ, వచ్చీరాని డబ్బులతో పూట గడుపుకుంటున్నాడు. 1952 డిసెంబరు 18న పేదరికంలోనే చనిపోయాడు. తేదీని గమనించండి. దానికి మూడు రోజుల ముందు, డిసెంబరు 15 రాత్రి, అదే నగరంలో పొట్టి శ్రీరాములు ఆంధ్రరాష్ట్రం కోసం నిరాహారదీక్షలో ప్రాణం వదిలాడు. ఆ మర్నాటినించీ ఆంధ్ర జిల్లాల్లో అల్లర్లు చెలరేగాయి, కాల్పులు జరిగాయి. 19న నెహ్రూ ఆంధ్రరాష్ట్రం ఇస్తామని ప్రకటించాడు. ఒక జాతి కోరిక నెరవేరే వారంలో ఆ జాతికి పాట ఇచ్చిన మనిషి కడుపు నిండక పోయాడు. పల్లవిలోని దొర వెళ్లి అప్పటికి ఐదేళ్లు దాటింది. చరణాల్లోని పట్టెడన్నం మాత్రం కవి ఇంటికి కూడా చేరలేదు. “మా కొద్దీ తెల్లదొరతనము” పాత పాట అయిపోయిందనే మిత్రులు ఈ లెక్కకు సమాధానం చెప్పాలి.

సరే, శత్రువు పేరే లేని పాట సంగతేమిటి? గురజాడ అప్పారావు “దేశభక్తి” గీతం అలాంటిది. 1910 ప్రాంతాల్లో రాసిన ఆ గీతంలో దొరను తిట్టిన మాట ఎక్కడా కనిపించదు. బిపిన్‌చంద్రపాల్ 1907లో ఆంధ్రదేశం తిరిగి వెళ్లాడు. రాజమండ్రిలో ఆయన సభకోసం చిలకమర్తి భారతదేశాన్ని పాడియావుగా, తెల్లవాళ్లను పాలు పితుక్కునే గొల్లవాళ్లుగా చెప్పిన పద్యం నోటినోటికీ పాకింది. ఆ వేడి ఇంకా ఆరకముందే గురజాడ ఎవరినీ తిట్టకుండా, ఉత్త గొప్పలు మానమనీ, పాడిపంటలు పెంచమనీ, తిండి తిని కండ పెంచమనీ, దేశీ సరుకులు తయారు చెయ్యమనీ, పొరుగువాడికి తోడు పడమనీ చెప్పాడు. దేశాన్ని నేలలో కాకుండా మనుషుల్లో చూడమన్నాడు. విజయనగరం సంస్థానంలో కొలువు చేసే మనిషి కాబట్టి జాగ్రత్తపడ్డాడని కొందరన్నారు. వుండొచ్చు. కాని ఆ జాగ్రత్త నుంచి వచ్చిన ఫలితం విచిత్రమైనది. పల్లవిలో శత్రువు లేకపోవటం వల్ల ఆ గీతం ఎవరి నోటికైనా సరిపోయింది. బడిలో ప్రార్థన తరవాత పాడించారు. మంత్రులు ఉపన్యాసం చివర చెప్పారు. విగ్రహాల కింద చెక్కారు. మనిషే దేశమన్న మాటను చెక్కిన రాతిపక్కనే మనుషుల గుడిసెలు పీకించిన సందర్భాలు లేకపోలేదు.

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. అదే సంవత్సరం బెంగాల్ కరువులో లక్షలమంది తిండిలేక చచ్చారు. అభ్యుదయ రచయితలు గురజాడను తమ అడుగుజాడగా నిలబెట్టుకున్న రోజులవి. కరువు వార్తలు వింటూ ఆ గీతం చదివితే తిండి, కండ అన్న మాటలు వ్యాయామ పాఠంలాగా వినిపించవు. దేశభక్తికి కనీస షరతు తిండి అని వినిపిస్తాయి. బతికి వున్న మనిషే దేశమైతే, ఆకలితో మనిషి చచ్చిన ప్రతిచోటా దేశం అంతమేరకు తరిగిపోయినట్టే గదా! ఇది అభ్యుదయ విమర్శ సాధించిన గొప్ప వ్యాఖ్యానం. ఐతే దానికీ ఒక లోపముంది. మనిషి గురించిన ఒక్క పాదాన్నే పట్టుకుని జెండామీద రాసుకున్నంతగా, వొట్టి మాటలు కట్టిపెట్టి పనిచెయ్యమన్న భాగాన్ని మన విమర్శ పట్టించుకోలేదు. ఆ భాగం మంత్రులకే కాదు, వేదికలెక్కే అందరికీ ఇబ్బందిగానే వుంటుంది.

పాట ముందు పుట్టి రాష్ట్రం తరవాత పుట్టటం కూడా మన దగ్గర జరిగింది. శంకరంబాడి సుందరాచారి “మా తెలుగు తల్లికి” 1942లో సినిమా కోసం రాశాడు. సినిమాలో వాడుకోలేదు. టంగుటూరి సూర్యకుమారి గ్రామఫోను రికార్డులో పాడితే ఇంటింటికీ వెళ్లింది. ఆంధ్రరాష్ట్రం వచ్చింది 1953లో. పదకొండేళ్లపాటు లేని ఇంటికి మంగళహారతి పట్టిన పాట అది. ఆ ఇల్లు నిజంగా వచ్చి, పెద్దదై, లోపల కొన్ని గదులవాళ్లు మా వాటా మాకు రాలేదని అడిగినప్పుడు, అదే పాట వాళ్ల చెవులకు ఆజ్ఞలాగా వినిపించింది. కవి తప్పేమీ లేదు. ఆశతో పుట్టిన పాట అధికార గీతమైనప్పుడు దానికి ఈ గతి పట్టటం మామూలే. 2024 జూన్ 2న తెలంగాణ ప్రభుత్వం అందెశ్రీ “జయ జయహే తెలంగాణ”ను రాష్ట్రగీతంగా స్వీకరించింది. ఉద్యమంలో జనం పాడిన పాట అది. ఇకమీదట పోలీసుల బ్యాండు వాయిస్తుంది. దానికి కూడా పరీక్షాకాలం మొదలైందన్నమాట.

ఇప్పుడు తెలంగాణ సాయుధ పోరాటం దగ్గరికి వద్దాం. నా వాదానికి అసలు గీటురాయి అక్కడ వుంది.

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు దొడ్డి కొమరయ్యను కాల్చి చంపారు. తరవాత ఐదేళ్లపాటు నల్లగొండ, వరంగల్లు గ్రామాల్లో పుట్టినన్ని పాటలు తెలుగుదేశంలో మరెప్పుడూ పుట్టలేదంటే అతిశయోక్తి కాదు. బతుకమ్మ చుట్టూ తిరిగే ఉయ్యాల వరసలో గౌరమ్మ బదులు వీరుల కథ చెప్పారు. గొల్లసుద్దులు, బుర్రకథ అన్నీ పనికొచ్చాయి. కోస్తాలో ప్రజానాట్యమండలి తరపున నాజర్ అప్పటికే జంగాల కథను కరువు గురించీ కూలి గురించీ చెప్పే బుర్రకథగా మలిచి వున్నాడు. రూపం పాతది, వస్తువు కొత్తది అని మనం పుస్తకాల్లో రాసే సూత్రం ఆ తంబురా, డక్కీల మీదనించి తీసుకున్నదే.

ఈ పోరాటంలో పాల్గొన్న బండి యాదగిరి పాట గరిమెళ్ల పాటకు పూర్తిగా ఎదురుదిక్కున నిలబడుతుంది. అక్కడ “అండీ”, ఇక్కడ ఏకవచనం. అక్కడ పొరుగువాడితో మొర, ఇక్కడ సర్కారునే కొడుకును గదమాయించినట్టు ఎదురుగా పిలిచి నిలదియ్యటం. తెలంగాణ పల్లెలో రైతు దొరతో మాట్లాడవలసిన భాష ఏమిటో మనకు తెలుసు. “బాంచెన్ దొరా, నీ కాల్మొక్త” అన్నదే ఆ భాష. తరతరాలుగా ఆ వాక్యం పలికిన నోరు మొదటిసారి నువ్వు అన్నది. ఆ పాటలో విప్లవం ముందు వ్యాకరణంలో జరిగింది. భూములు పంచటం, గడీలు కూలటం తరవాతి సంగతి. గోదావరి మనిషి “అండీ” వదలకుండా తిరగబడ్డాడు, నల్లగొండ మనిషి “అండీ” వదిలితేనే తిరగబడగలిగాడు. భాష ఒకటే అయినా దొరతనాలు రెండు రకాలు.

1948 సెప్టెంబరులో నైజాము లొంగిపోయాడు. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డికి నల్లగొండ ప్రజలు నెహ్రూకు వచ్చినన్ని వోట్ల కంటె ఎక్కువ వేసి పంపారు. ఆ తరవాత పాట వేదికలమీద సన్నబడింది. ఇరవై ఏడేళ్లు దాటాక, 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వాన బి. నరసింగరావు, రవీంద్రనాథ్ నిర్మించిన “మా భూమి” సినిమాలో గద్దర్ గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని వచ్చి ఆ పాట పాడాడు. కృష్ణచందర్ ఉర్దూ నవల ఆధారంగా తీసిన ఆ సినిమా 1980లో విడుదలైంది. నైజాము పోయి ముప్పై ఏళ్లు. చరిత్ర చిత్రంలో చరిత్ర గీతమని చూసి వూరుకోవచ్చు గదా! వూరుకోలేదు. ఎందుకంటే దానికి ముందు శ్రీకాకుళం జరిగింది, అత్యవసర పరిస్థితి జరిగింది, 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు వేలాదిగా జైత్రయాత్ర తీశారు, ఆ తరవాత సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వెట్టి గురించి, దొర ఇంటి గురించి ఆ పాట చెప్పిన చరణాలు ఆ తాలూకాల్లో అప్పటికి పాతబడలేదు. సినిమా చూసి బయటికొచ్చిన కరీంనగర్ కుర్రవాడికి తెరమీది గడీ, తన వూళ్లోని గడీ ఒకేలా కనిపించి వుంటాయి. పాటలో పేరు మార్చవలసిన అవసరం కూడా అతనికి లేదు. నైజాము పేరు వింటూ తన దొరనే చూడగలడు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో ఆ పాట మరోసారి వేదికలెక్కింది. ఇక్కడ నాకు కొంత పేచీ వుంది. తెలంగాణ ప్రజలకు నీళ్లలో, ఉద్యోగాల్లో అన్యాయం జరిగిందన్నది 1969లో వందలమంది ప్రాణాలొడ్డి చెప్పిన మాట. దాన్ని కాదనే వుద్దేశం నాకు లేదు. నా పేచీ పాటతో చేసిన పని గురించి. నైజాము సర్కారు అన్నచోట హైదరాబాదులో కూర్చున్న పరాయి పాలకుణ్ని తలచుకుని పాడినప్పుడు పల్లవి ఒక వర్గం మీదనించి ఒక ప్రాంతం మీదికి జరిగింది. పల్లవి అలా జరిగేసరికి చరణాలు బరువు కోల్పోయాయి. వెట్టి చేయించిన గడీ వారసుడు కూడా అదే వేదికమీద నిలబడి అదే పాటకు చప్పట్లు కొట్టగలిగాడు. తనను నిలదియ్యటానికి పుట్టిన పాటలో తానే వంత పాడగలగటం ఏ పాటకైనా ప్రమాదమే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. వేలాది గ్రామాల్లో అది నిజమైన సంతోషం. ఆ మర్నాడు పాట ఎవరి వేపు తిరిగి పాడాలన్న ప్రశ్న మాత్రం తెగలేదు. 2023 ఆగస్టులో గద్దర్ చనిపోయేనాటికి కూడా తెగలేదు.

ఆశ అన్న మాట ఇంతవరకూ పెద్దగా వాడలేదు. కావాలనే వాడలేదు. ఆశ అనగానే మనవాళ్లు తూర్పు దిక్కు, ఎర్ర సూర్యుడు, వెలుగు కిరణం పట్టుకొస్తారు. గరిమెళ్లలో గాని యాదగిరిలో గాని రేపటి స్వర్గవర్ణన లేదు. ఈ పాటల్ని జనం మళ్లీ ఎత్తుకున్న సందర్భాలు చూడండి. గెలిచిన మర్నాటికంటె ఓడిపోయిన కొన్నేళ్లకే ఎక్కువ. చౌరీచౌరా తరవాత జైలుకెళ్లిన పాట ఉప్పు సత్యాగ్రహం నాటికి తిరిగొచ్చింది. విరమణ తరవాత సన్నబడిన పాట అత్యవసర పరిస్థితి ముగిశాక తిరిగొచ్చింది. బాకీ పత్రాన్ని చించెయ్యకుండా దాచుకున్నవాడికి వసూలవుతుందన్న నమ్మకం ఎక్కడో వున్నట్టే గదా. ఆ మేరకు వున్న నమ్మకాన్నే నేను ఆశ అంటాను. కాబట్టి పాత పాటల సంపుటాలు వేసే మిత్రులకు ఒక విన్నపం. గరిమెళ్ల పాట చాలా పొడుగైనది. సభల్లో పాడేదీ, సంకలనాల్లో అచ్చు వేసేదీ ఎప్పుడూ అవే నాలుగైదు చరణాలు. పల్లవి పెద్దక్షరాల్లో వేసి చరణాలు తగ్గించే పద్ధతి బాకీ పత్రంలో అప్పిచ్చినవాడి పేరు వుంచి అంకెలు కొట్టేసినట్టుంటుంది.

పేరు మార్చే గొడవే లేని పాట ఒకటుంది. సుద్దాల హనుమంతు రాసిన “పల్లెటూరి పిల్లగాడా”. “మా భూమి”లో అది కూడా వుంది. అందులో సంబోధన దొరకు కాదు, సర్కారుకు కాదు, పొరుగువాడికి కాదు. జీతానికి కుదిరి పశువులు కాసే పసివాణ్నే పిలిచి, నువ్వు పాలు మరిచి ఎన్నాళ్లయిందిరా అని అడుగుతుంది పాట. దొర ఎక్కడో అంచున వుంటాడు. నడుమ వున్నది పిల్లవాడి చినిగిన గొంగడి, కాలి ముల్లు. 1990ల చివరినుంచి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పత్తి విత్తన చేలల్లో పిల్లల చాకిరి గురించి పరిశోధకులూ పత్రికలూ విస్తారంగా రాశారు. పత్తి పువ్వును చేత్తో సంకరం చేసే పనికి చిన్న వేళ్లు కావాలట. పనిలో వున్నవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. అక్కడ గడీ లేదు, దొర లేడు. తల్లిదండ్రులకు ముందుగా అడ్వాన్సు ఇచ్చే మధ్యదళారి, అతని వెనక విత్తనాల కంపెనీ వున్నాయి. హనుమంతు పాటను ఆ చేలగట్టున పాడాలంటే పిల్లగాడా అన్నచోట పిల్లా అనాలి. ఆ ఒక్క మార్పూ సులువే. అడ్వాన్సు సంగతి చెప్పే చరణం మాత్రం పాత పాటలో లేదు. దాన్ని ఎవరైనా కొత్తగా కట్టాలి.